కుక్కని వెంటబెట్టుకుని పిట్టల కోసం: బెజవాడ అడవి అంచున పొద్దుటి నడక

"కుక్కని తీసుకెళ్తే ఇంక పిట్టలేం నిలబడతాయండీ?" ఈ మాట నన్ను అడగనివాళ్ళు లేరు. అడగాల్సిన మాటే. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో సిడ్నీ చుట్టుపక్కల అడవి బాటల మీద దీన్నే పరీక్షించి చూశారు. ఎవరూ నడవనప్పుడు, మనుషులు మాత్రమే నడిచినప్పుడు, కుక్కతో నడిచినప్పుడు పిట్టల్ని లెక్కపెట్టారు. కుక్క నడిచిన బాటల్లో పిట్టల రకాలు 35 శాతం, మొత్తం సంఖ్య 41 శాతం తగ్గాయి. అవేమీ విచ్చలవిడిగా తిరిగిన కుక్కలు కావు, తాడు కట్టి చేత్తో పట్టుకున్నవే. ఉత్త మనుషుల వల్ల కలిగిన బెదురు అందులో సగం కూడా లేదు.

ఇది తెలిశాక కొన్నాళ్ళు చిట్టిని ఇంట్లో వదిలేసి వెళ్ళాను. చిట్టి మా వీధిలో పుట్టిన కుక్కే, గోధుమరంగు, ఎడమ చెవి సగం వాలి ఉంటుంది. నేను బైనాక్యులర్స్ తీసిన చప్పుడికే గుమ్మం దగ్గర కూర్చునేది. దాన్ని దాటి వెళ్ళడం నావల్ల కాలేదు. అలాగని పిట్టల్ని బెదరగొట్టడమూ ఇష్టం లేదు. నాలుగేళ్ళు తిరిగాక ఒక పద్ధతి కుదిరింది: కుక్క ఉన్న రోజు అడవి లోపలికి పోకూడదు, అడవి అంచునే ఉండాలి. నడక తగ్గించి, కూర్చోవడం పెంచాలి. కింద రాసేదంతా ఆ రెండు మాటల్ని ఆచరణలో పెట్టడం గురించే.

ముందు చోటు చూసుకోండి

బెజవాడకి దగ్గర్లో అడవి అంటే కొండపల్లి కొండలే. బొమ్మలకి వాడే తెల్ల పొణికి కర్ర పెరిగేది ఈ కొండల్లోనే. అయితే అది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా లోపల తిరగడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. కుక్క ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. కుందేళ్ళకీ ఉడుములకీ కుక్కలతో వేటకి పోయే అలవాటు మన కొండల్లో ఇంకా పూర్తిగా పోలేదు. అడవిలో కుక్కతో కనపడిన మనిషిని ఫారెస్టు సిబ్బంది వేటగాడనే అనుకుంటారు. అలా అనుకోవడం వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ పని. ఏ దారిలో వెళ్ళొచ్చో, ఎక్కడ ఆగాలో ముందే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి అడగండి. గేటున్న పార్కయితే కుక్కని రానిస్తారో లేదో కనుక్కునే బయల్దేరండి.

అసలు లోపలికి పోవాల్సిన అవసరమే లేదు. కొండ దిగువన మామిడి తోటలు, వాటికి ఆనుకుని ముళ్ళ పొదలు, మధ్యలో బండి బాట, పక్కన ఒక చెరువో వాగో ఉన్న చోటు వెతకండి. దట్టమైన చెట్లలో పిట్ట గొంతు వినపడుతుంది గాని మనిషికి కనపడదు. అంచున అది కొమ్మ చివరికొచ్చి కూర్చుంటుంది. కొండపల్లి నుంచి మైలవరం వైపు ఇలాంటి బాటలు చాలా ఉన్నాయి. తోట ఎవరిదో కనుక్కుని ఒక మాట చెప్పండి. "పిట్టల్ని చూడ్డానికి వచ్చామండీ, కుక్క తాడు మీదే ఉంటుంది" అంటే ఇప్పటిదాకా నన్ను వద్దన్నవాళ్ళు లేరు. ఒకాయన అయితే తన తోటలో గుడ్లగూబ ఎక్కడుంటుందో స్వయంగా తీసుకెళ్ళి చూపించాడు.

పొద్దుటిపూట కొండకి తూర్పు దిగువన ఉండండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుతురంతా కొండ మీదా చెట్ల మీదా పడుతుంది. అదే పడమటి వైపు నిలబడితే ప్రతి పిట్టా నల్ల మచ్చలాగే కనపడుతుంది. రంగు తెలియక, పేరు తెలియక తిరిగి రావాలి.

అంత దూరం కుదరని రోజు ఉండవల్లి వైపు కృష్ణ కరకట్ట ఉంది. అరటి తోటలు, రెల్లు, నీళ్ళు అన్నీ అక్కడే. కాకపోతే ఏడు దాటితే కార్లు ఎక్కువవుతాయి. గుంటూరు వాళ్ళకి కొండవీడు కొండల దిగువన చేల గట్లు బాగుంటాయి.

ఉప్పలపాడుకి మాత్రం కుక్కని తీసుకెళ్ళకండి. గుంటూరు పక్కనే ఉన్న ఆ ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు నీళ్ళ మధ్య తుమ్మ చెట్ల మీద గుంపుగా గూళ్ళు పెడతాయి. ఒకటి బెదిరి లేస్తే పక్కవన్నీ లేస్తాయి. అవి తిరిగొచ్చేలోపు గుడ్లని కాకులు ఎత్తుకుపోతాయి, పిల్లలు ఎండకి మాడతాయి. కొల్లేరు లాంటి అభయారణ్యాల సంగతీ అంతే. అక్కడికి వెళ్ళే రోజు చిట్టి ఇంట్లోనే.

డాక్టరు దగ్గరి పని

రేబిస్ సూది ఏడాదికోసారి, పార్వో, డిస్టెంపర్, లెప్టో అనే అంటురోగాలకి కలిపి ఇచ్చే సూది సమయానికి పడి ఉండాలి. ఇది మన కుక్క కోసమే కాదు. డిస్టెంపర్ కుక్కల నుంచి నక్కలకీ అంటుతుంది. సూదుల్లేని కుక్కని కొండ దగ్గరికి తీసుకెళ్ళడమంటే రోగాన్ని అక్కడ దించి రావడమే.

రెండోది గోమార్లు (పిడుదులు). వానాకాలంలో పొదల్లో తిరిగిన కుక్కకి ఇవి పట్టకుండా ఉండవు. గోమారు కుట్టడం వల్ల వచ్చే జ్వరం కుక్కని నిలువునా తీసేస్తుంది: తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కులోంచి రక్తం వస్తుంది. డాక్టర్ని అడిగి నివారణ మందు వాడండి. అయితే మెడ మీద పోసే చుక్కల మందు వాడితే ఆ తర్వాత కొన్ని రోజులు కుక్కని చెరువులోనూ వాగులోనూ దిగనివ్వకండి. ఆ మందు పురుగుల్ని చంపేది. నీళ్ళలో కలిస్తే నీటి పురుగులూ చస్తాయి, వాటిని తిని బతికే పిట్టకి తిండి పోతుంది. వీలైతే నోటి మాత్ర గురించి అడగండి.

ముక్కు నొక్కుకుపోయినట్టుండే పగ్, షిట్జు లాంటి వాటిని, ముసలి కుక్కల్ని ఈ నడకకి తీసుకురావద్దని నా సలహా. చలికాలంలో కరకట్ట మీద కాసేపు తిప్పితే చాలు.

మేడ మీద పాఠం

ఈ మొత్తంలో కష్టమైన పని ఇదే. ఇది కుదిరాకే అడవి మాట. మీరు బైనాక్యులర్స్ కళ్ళ దగ్గర పెట్టుకోగానే మీకు లోకం కనపడదు, కుక్క ఏం చేస్తుందో అసలే కనపడదు. సరిగ్గా అప్పుడే అది లాగితే మీరు పడతారు. కాబట్టి బైనాక్యులర్స్ పైకి లేవడమే కుక్కకి "కూర్చో" అన్న సైగ కావాలి.

మొదటి వారం ఇంటి మేడ మీద. ఉడకబెట్టిన కోడి ముక్కలు శనగగింజంత చేసి జేబులో వేసుకోండి. ఉల్లిపాయ తగిలిన కూర ముక్కలు వద్దు. ఉల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకి విషం. బైనాక్యులర్స్ పైకెత్తండి, వెంటనే ఒక ముక్క దాని ముక్కు మీదుగా పైకి చూపించండి. తల పైకెత్తితే నడుం దానంతటదే కిందికి దిగుతుంది. కూర్చున్న క్షణాన ముక్క ఇవ్వండి. మాట అనకండి. పొదల దగ్గర నోరు విప్పే అవసరం రాకూడదు కదా, అందుకే సైగతోనే నేర్పాలి. రోజుకి రెండుసార్లు, పూటకి ఐదు నిమిషాలు చాలు. నాలుగైదు రోజులకి మీ చేయి ఛాతీ దాటి పైకి లేవగానే కుక్క కూర్చోవడం మొదలుపెడుతుంది.

రెండో వారం కూర్చున్నాక ముక్క ఇవ్వడం ఆలస్యం చేయండి. రెండు సెకన్లు, ఐదు, పదిహేను, అలా నిమిషం దాకా. మధ్యలో లేస్తే తిట్టొద్దు, బైనాక్యులర్స్ దించి మళ్ళీ మొదటికి రండి. చిట్టికి ఈ దశ నెల పట్టింది. మా మేడ మీదకి పావురాలు వస్తాయి, వాటిని చూస్తూ కూర్చోవడం దానికి పెద్ద శిక్ష. ఒకరోజు పొద్దున ఒక పావురం దానికి నాలుగడుగుల దూరంలో దిగింది. చిట్టి ఒళ్ళంతా వణుకుతోంది, సగం వాలిన ఆ చెవి కూడా నిక్కింది, కానీ నడుం మాత్రం నేల వదల్లేదు. ఆ రోజు జేబులో ఉన్న ముక్కలన్నీ దానికే పెట్టేశాను. ఆ తర్వాత ఆదివారమే మొదటిసారి కొండ దగ్గరికి తీసుకెళ్ళాను.

మూడో వారం వీధిలో, కాలనీ పార్కులో ఇదే పని. ఇక్కడే ఇంకో అలవాటు చేసుకోండి: కుక్క కూర్చోగానే తాడు నేల మీదకి వదిలి దాని మీద కాలు వేసి నిలబడండి. కుక్క హాయిగా పడుకోగలిగేంత వదులు ఉంచి, లేచి దూకలేనంత బిగువు పెట్టండి. రెండు చేతులూ మీకే మిగులుతాయి. తాడు నడుముకి కట్టుకునే బెల్టులు అమ్ముతున్నారు. బైనాక్యులర్స్‌తో ఉన్నప్పుడు అవి వద్దు. ఒక్క కుదుపుకి మీరు బోర్లా పడతారు, అద్దాలు పోతాయి, మూతీ పగులుతుంది.

సంచిలోకి

తాడు ఆరడుగులది, గట్టిది, ఒకటే పొడవుది. మీట నొక్కితే సాగే తాడు వద్దు, అది ముళ్ళ పొదల్లో చుట్టుకుంటుంది. మెడ పట్టీ కంటే ఛాతీకి వేసే హార్నెస్ మంచిది. మెడలో మువ్వలో గజ్జెలో ఉంటే తీసేయండి. అవి ఇంట్లో ముద్దుగా ఉంటాయి, ఇక్కడ మాత్రం ప్రతి అడుగూ చాటింపే.

బైనాక్యులర్స్ 8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లవి ఇంకా బాగా చూపిస్తాయి కదా అనుకుంటాం. కానీ కాలి కింద తాడు కదులుతున్నప్పుడు పది రెట్ల బొమ్మ ఊగిపోతుంది. 42ని 8తో భాగిస్తే ఐదుకి కొంచెం పైన వస్తుంది. కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. తెల్లవారకముందు మసకలో ఆ వెలుగే అక్కరకొస్తుంది. కొన్న రోజే సరిచేసుకోండి: కుడి అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డు మీది అక్షరాలు మధ్య చక్రంతో స్పష్టం చేయండి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి రింగు తిప్పండి. చాలామంది ఏళ్ళ తరబడి ఈ పని చేయకుండానే "మసగ్గా ఉంది" అనుకుంటూ ఉంటారు.

కుక్కకి లీటరు నీళ్ళు, గిన్నె, మలం ఎత్తే కవర్లు, పట్కారు, ఒక పాత తువ్వాలు. బట్టలు మట్టి రంగువో ఆకు రంగువో వేసుకోండి, తెల్ల చొక్కా వద్దు. చెప్పులు కాదు, బూట్లు.

ఏ నెల, ఏ వేళ

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. వలస పిట్టలు దిగి ఉంటాయి, గడ్డి ఎండి చూపు ఆనుతుంది, కుక్కకీ హాయి. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6:40 ప్రాంతంలో, జూన్ మొదట్లో 5:30 దాటాక. దానికి అరగంట ముందే చోటుకి చేరాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికల్లా కారెక్కేయాలి. బెజవాడ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ వేడికి గాలిలో తేమ కూడా తోడవుతుంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చుకునే చల్లబడాలి. గాలే తడిగా ఉంటే వగర్చినా ఫలితం ఉండదు. వానాకాలంలో పాములు, గోమార్లు, మోకాలెత్తు గడ్డి ఉంటాయి కాబట్టి కరకట్ట మీది దారే మేలు. తాటి, ఈత చెట్లకి గిజిగాళ్ళు గూళ్ళు అల్లేది అప్పుడే. దారి మీద నిలబడే చూడొచ్చు.

ఆ పొద్దున

కారు దిగేముందే కుక్కకి తాడు కట్టండి. దిగాక పది నిమిషాలు పిట్టల మాట ఎత్తొద్దు. దాన్ని కారు చుట్టూ తిప్పి వాసనలు చూడనివ్వండి, మలమూత్రాలు కానివ్వండి. మలం కవర్లో ఎత్తి కారులోనే ఒక డబ్బాలో పెట్టుకోండి, ఇంటికి తెచ్చి పారేయండి. అడవే కదా, మట్టిలో కలిసిపోతుందిలే అనుకోవద్దు. అందులో నులిపురుగుల గుడ్లు ఉంటాయి, అవి నెలల తరబడి బతుకుతాయి. ఈ పది నిమిషాలు ఇచ్చిన కుక్క తర్వాత గంట ఓపిక పడుతుంది. ఇవ్వకపోతే గంటంతా లాగుతూనే ఉంటుంది.

మసకలో మొదట పైడికంటెల (చిన్న గుడ్లగూబల) కీచులాట వినపడుతుంది, దూరంగా కొండ మీంచి నెమళ్ళు. తర్వాత నల్లంచి, పికిలి పిట్టలు. చిలుకల గుంపులు అరుచుకుంటూ తోటల మీదకి దిగేది వెలుతురు వచ్చాకే. 2018 నుంచి మన రాష్ట్ర పక్షి రామచిలుకే, కాబట్టి దానికి కొంచెం మర్యాద ఇవ్వాలి. ఎండ పొడ తగిలాక పసిరిక పిట్టలు తీగల మీద వరసగా కూర్చుంటాయి, పాలపిట్ట ఏ కరెంటు స్తంభం మీదో దర్శనమిస్తుంది. దసరా నాడు ఊరంతా దానికోసమే వెతుకుతుంది గాని, చలికాలమంతా అది అక్కడే ఉంటుంది. గద్దలు, డేగలు మాత్రం నేల వేడెక్కి గాలి పైకి లేచాక, ఎనిమిదింటి తర్వాతే చక్కర్లు కొడతాయి. వాటికోసం తొందరపడక్కర్లేదు.

మొత్తం నడక కిలోమీటరున్నర మించొద్దు. వంద, నూటయాభై అడుగులు నడవండి, ఆగండి, తాడు మీద కాలు వేయండి, ఐదు నిమిషాలు కదలొద్దు. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. మూడో నిమిషంలో పొద కదులుతుంది. మీరొచ్చారని దాక్కున్నవే తిరిగి బయటికొస్తాయి. చాలామంది రెండో నిమిషంలోనే లేచిపోతారు.

నడక మధ్యలో ఒక పెద్ద మజిలీ పెట్టుకోండి, ఒకే చెట్టు ముందు అరగంట. ఏ చెట్టన్నది నెలని బట్టి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో ఆకు రాల్చి ఎర్రగా పూసిన కొండబూరుగ, ఆ తర్వాత మోదుగ. పండ్ల కాలంలో మర్రి, రావి, మేడి. పూసిన బూరుగకి యాభై అడుగుల దూరంలో, ఏ చింత చెట్టు నీడలోనో తువ్వాలు పరిచి కూర్చోండి. ఒక్కో పువ్వు అరచేయంత, దోనెలాగా ఉంటుంది, అడుగున తేనె. ముందు గోరింకలు వస్తాయి, తల లోపలికి దూర్చి తాగుతాయి. పైకి లేచేసరికి నుదుటి మీద పుప్పొడి పసుపు రాసినట్టు అంటుకుని ఉంటుంది. వాటి మధ్యే గులాబీ గోరింకలు. అవి చలికాలం గడపడానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి ఏప్రిల్లో వెళ్ళిపోతాయి. తేనెపిట్ట తన వంతు కోసం ఆగదు, గాలిలోనే రెక్కలాడిస్తూ సందులోంచి ముక్కు పెడుతుంది. ఎక్కడో పైన కంసాలి పిట్ట టుక్కు, టుక్కు అని రేకు మీద కొడుతున్నట్టే ఉంటుంది. పువ్వొకటి ధబ్బున రాలి చిట్టి ముందు పడితే, వాసన చూసి, తుమ్మి, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. నడిచి వెతికితే రెండు గంటలు పట్టే పిట్టలన్నీ ఆ చెట్టు దగ్గరికే వస్తాయి.

కుక్క వల్ల కలిసొచ్చేవి కూడా రెండున్నాయి. ఒకటి దాని చెవులు. చిట్టి చెవి తిప్పిన వైపు నేనూ బైనాక్యులర్స్ తిప్పుతాను. గడ్డిలో కౌజు పిట్ట కదలడం నాకెప్పుడూ దానికంటే ముందు తెలియలేదు. తెలిసిన వెంటనే తాడు కురచ చేసి వెనక్కి వస్తాను, పిట్టని లేపకూడదు. రెండోది పసులపోలిగాడు. నల్లగా, తోక రెండుగా చీలి ఉండే ఈ పిట్ట పశువుల వీపుల మీద ఎక్కి తిరుగుతుంది, వాటి కాళ్ళకింద లేచే పురుగుల కోసం. కంచె పక్కన చిట్టి నడుస్తుంటే అది కంచె రాయి మీంచి రాయి మీదకి మాతోపాటే వస్తుంది, మిడత లేవగానే దూకి పట్టుకుని మళ్ళీ రాయెక్కుతుంది. దాన్ని అంత దగ్గరగా ఒంటరిగా వెళ్ళిన రోజుల్లో ఎప్పుడూ చూడలేదు.

పిట్టల తిట్లు వినడం నేర్చుకోండి. పికిలి పిట్టలు, గుంపుగా తిరిగే సిదాలు, ఉడతలు ఒక్కసారిగా గోల పెడితే అక్కడ పిల్లో, పామో, గుడ్లగూబో ఉందన్నమాట. కానీ మీరు కదిలితే ఆ గోల కూడా మీ వెంటే వస్తుంటే, అవి తిడుతున్నది మిమ్మల్నీ మీ కుక్కనీ. దగ్గర్లోనే గూడుంటుంది. ముప్పై అడుగులు వెనక్కి నడవండి, గోల ఆగితే అక్కడ కూర్చోండి, ఆగకపోతే ఇంకా వెనక్కి పోండి.

నేల మీది గూళ్ళు

మార్చి నుంచి ఆగస్టు దాకా తీతువు పిట్ట గుడ్లు పెట్టే కాలం. గూడంటూ ఏమీ ఉండదు. బీడులోనో దున్నిన చేనులోనో కాలితో గీరినట్టు ఒక చిన్న గుంట, అందులో మామూలుగా నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలతో అచ్చం గులకరాళ్ళే. ఒక ఏప్రిల్ పొద్దున బండి బాట పక్కనే రెండు తీతువులు మా నెత్తి మీద తిరుగుతూ అరిచాయి. ఒకటి నేల మీద దిగి రెక్క ఈడుస్తూ కుంటింది. చిట్టి దానివైపు లాగింది, నేనూ చూస్తూ రెండడుగులు వేశాను. కింద చూసేసరికి నా బూటుకి జానెడు దూరంలో ఆ నాలుగు గుడ్లు. కుంటిన పిట్ట మమ్మల్ని అక్కణ్ణించి తప్పించడానికే నటించింది. ఆ రోజు నుంచి మార్చి వస్తే బాట దిగడం మానేశాను.

తీతువు అరిస్తే అశుభం అంటారు మన ఊళ్ళలో. అది రాత్రిపూట కూడా అరిచేది తన గుడ్ల దగ్గరికి ఎవరో వస్తున్నారని. ఆ అరుపు వింటే మనం చేయాల్సింది వచ్చిన దారినే వెళ్ళిపోవడం.

ప్రమాదాలు

ఎండ: రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉంచలేవు. నాలుక బాగా బయటికొచ్చి చివర వెడల్పుగా మారడం, చిక్కటి జొల్లు, తూలడం కనపడితే అది వడదెబ్బ. ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రి: నీడలోకి తెచ్చి ఉన్న నీళ్ళన్నీ పొట్ట కింద, తొడల మధ్య, చెవుల మీద పోసి విసరండి. కారులో కూడా ఏసీ పూర్తిగా పెట్టి తీసుకెళ్ళండి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే ఆపుతుంది.

పాము: కుక్క ముక్కు పొదలో, రాళ్ళ సందులో పెట్టకుండా చూస్తే సగం ప్రమాదం తప్పినట్టే. కాటు పడితే నడిపించొద్దు, చేతుల మీద ఎత్తుకుని కారెక్కించండి. కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. విషానికి విరుగుడు మందు అన్నిచోట్లా ఉండదు. మీ డాక్టరు దగ్గర ఉందా, ఆదివారం పొద్దున ఎవరు తలుపు తీస్తారు అన్నది ముందే కనుక్కుని నంబరు ఫోనులో పెట్టుకోండి. గన్నవరంలో ఎన్‌.టి.ఆర్‌. పశువైద్య కళాశాల ఉంది, అక్కడి వేళలు కూడా అడిగి ఉంచుకోండి.

కోతులు: కొండపల్లి కోట వైపు బాగా ఉన్నాయి. కుక్క ముక్కలు జేబులోనే ఉండాలి, చేతిలో కవరు కనపడకూడదు. దారికి అడ్డంగా కూర్చుంటే కళ్ళలోకి చూడకుండా వెనక్కి తిరగండి.

ఊరి కుక్కలు: నిజానికి అన్నిటికంటే ఎక్కువ ఎదురయ్యే చిక్కు ఇదే. ఊరి మధ్యలోంచి మన కుక్కని నడిపిస్తే వాటి వీధిలోకి చొరబడినట్టే. ఊరు దాటేదాకా కారు దించొద్దు. అయినా గుంపు వస్తే పరుగెత్తకుండా నిలబడి, మన కుక్కని కాళ్ళ వెనక్కి తెచ్చుకుని, నెమ్మదిగా వచ్చిన దారిన వెనక్కి జరగండి. రాయి విసరకండి. మళ్ళీ ఆదివారం అదే దారిన రావాలి మనం.

దూలగొండి: చలికాలంలో పొదల మీద గోధుమరంగు నూగుతో కాయలు వేలాడుతుంటే దూరంగా తప్పించండి. ఆ నూగు కుక్క ముక్కుకి అంటితే దాని బాధ చూడలేం.

ఇంటికొచ్చాక

లోపలికి రాకముందే మెట్ల మీద తువ్వాలు వేసి పడుకోబెట్టండి. కాలివేళ్ళ సందులు, చెవి మడతల లోపల, చంకలు, తోక కింద, ఈ నాలుగు చోట్లా వేళ్ళతో తడిమి చూడండి. గోమారు దొరికితే చర్మానికి ఆనించి పట్కారుతో పట్టి తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. అరికాళ్ళలో పల్లేరు కాయలు ఉంటాయి. కుక్క కుంటకపోయినా చూడండి, నడక మొదట్లో గుచ్చుకున్నదాన్ని అది మీకు చెప్పదు. తోక మీద ఉత్తరేణి గింజలు దువ్వెనకి రావు, ఒక్కొక్కటే తీయాలి. దువ్విన వెంట్రుకలు పెరట్లో పారేయకుండా చెత్తబుట్టలో వేయండి. పిట్టలు వాటిని గూటికి ఏరుకుంటాయి, గోమార్ల మందు వాటితోపాటే పిల్లల దగ్గరికి చేరుతుంది.

అప్పుడు కాఫీ, నోటుబుక్కు. మొదలుపెట్టిన వేళ, నడిచిన దూరం, చూసిన ప్రతి రకం, ఎన్ని అన్నది రాయండి. ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే మీ లెక్క పరిశోధకులకీ పనికొస్తుంది. పేరు తెలియని గొంతుకి మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది గాని, కంటితో చూసేదాకా దాన్ని లెక్కలో వేయొద్దు. "కుక్కతో" అని తప్పకుండా రాసుకోండి.

నెలకి ఒక ఆదివారం అదే బాటలో, అదే వేళకి, కుక్క లేకుండా వెళ్ళి రండి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుంటే మీ కుక్క ఎవరిని బెదరగొడుతోందో పేరుపేరునా తెలుస్తుంది. నా పుస్తకంలో గోరింకలు, పసిరికలు, బూరుగ మీది పిట్టలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. తేడా వచ్చింది నేల మీద తిరిగేవాటిలో. చిట్టి లేని రోజు కౌజులు జంటగా బాట మధ్యకొచ్చి దుమ్ములో పొర్లాడేవి, చిట్టి ఉన్న రోజు ఒక్కటీ బయటికొచ్చేది కాదు. అందుకని మేం కూర్చునే చోటు రేగు పొదల పక్క నుంచి వెనక్కి, తోట గట్టు మీదకి మార్చాను. కిందటి శీతాకాలంలో మూడో ఆదివారానికి ఒక కౌజు పొదలోంచి తల బయటపెట్టింది, చిట్టిని చూసింది, మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి గట్టు మీద ఇంకో ఇరవై అడుగులు వెనక్కి జరిగి కూర్చుంటాం.